ట్యాబ్‌కి వైఫై అందనప్పుడు ఏం చేయాలి

మా ఇంట్లో ఎవరు "నెట్ రావట్లేదు" అన్నా అందరూ నా వైపే చూస్తారు. అమ్మ సీరియల్ మధ్యలో చక్రం తిరుగుతూ ఆగిపోయినా, అక్క కొడుకు ఆన్‌లైన్ క్లాసులో సారు నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయినా, ఆ ట్యాబ్ తెచ్చి నా ఒళ్లో పెడతారు. దాంతోపాటు తీర్పు కూడా వాళ్లే చెప్పేస్తారు: "ఫోన్‌లో బాగానే వస్తోంది, ట్యాబే పాడైంది."

ఆ తీర్పు చాలాసార్లు తప్పు. ఫోన్‌లో సిమ్ ఉంటుంది. వైఫై సరిగా పని చేయట్లేదనిపించగానే ఫోన్ చడీచప్పుడు లేకుండా మొబైల్ డేటాకి మారిపోతుంది. మీకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. సిమ్ లేని ట్యాబ్‌కి ఆ దొడ్డిదారి లేదు. అందుకే ఇంట్లో వైఫైకి ఏ జబ్బు చేసినా ముందు మూలిగేది ట్యాబే. మనం దాన్నే రోగి అనుకుని సెట్టింగ్స్ అన్నీ కెలుకుతాం.

ఏదీ మార్చకముందు రెండు పరీక్షలు చేయండి. రెండూ కలిపి ఐదు నిమిషాల పని.

మొదటిది, ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, ఒక్క వైఫై మీదే ఏదైనా కొత్త వీడియో తెరవండి. ముందే చూసిన వీడియో వద్దు, అది ఫోన్‌లో దాచుకున్నది కావచ్చు. ఫోన్‌లోనూ రాకపోతే ట్యాబ్‌కి క్షమాపణ చెప్పి పక్కన పెట్టండి. తప్పు రౌటర్‌దో బయటి లైన్‌దో అయి ఉంటుంది.

రెండోది దీనికి తిరగేసింది. ఫోన్‌లో మొబైల్ డేటా వేసి, హాట్‌స్పాట్ ఆన్ చేసి, ట్యాబ్‌ని దానికి కలపండి. హాట్‌స్పాట్‌తో ట్యాబ్ బాగా నడిస్తే దాని వైఫై చిప్ క్షేమంగా ఉన్నట్టే. గొడవ ట్యాబ్‌కీ ఆ ఇంటి రౌటర్‌కీ మధ్య ఉంది. హాట్‌స్పాట్‌తో కూడా రాకపోతేనే ట్యాబ్‌ని అనుమానించాలి.

ఫోన్‌లో కూడా రాకపోతే

రౌటర్ దగ్గరికి వెళ్లి లైట్లు చూడండి. ఫైబర్ కనెక్షన్ అయితే ఎల్ఓఎస్ అని రాసి ఉన్న దగ్గర ఎర్ర లైట్ మెరుస్తోందా? అంటే బయటి నుంచి కాంతి సిగ్నల్ రావట్లేదు. ఎక్కడో ఫైబర్ తెగింది, లేదా ఇంట్లోనే మంచం కోడు కింద నలిగింది. ఫైబర్‌లో ఉండేది జుట్టంత సన్నటి గాజు పోగు, రాగి తీగలా మడిస్తే ఊరుకోదు. సన్నటి కేబుల్ గోడ మూలలో గట్టిగా మడత పడిందేమో చూసి వదులు చేయండి. అప్పటికీ ఎర్ర లైటే ఉంటే ఇక మీరు ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు. ఆపరేటర్‌కి ఫోన్ చేసి "నెట్ రావట్లేదు" అనకుండా "ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది" అని చెప్పండి. అవతలివాళ్లు ఆ మాట వినగానే "ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి సార్" అనడం మానేస్తారు.

ఎర్ర లైట్ లేకపోతే రౌటర్‌ని రీస్టార్ట్ చేయండి. అడాప్టర్ స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేసి, రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. లైట్లు వెలగగానే నెట్ వచ్చేయదు, అది లైన్‌తో మాట్లాడుకోవడానికి కొంత సమయం పడుతుంది. ఇంకో మాట, ప్లాన్ గడువు అయిపోయిందేమో కూడా చూసుకోండి. నవ్వకండి. వైఫై గుర్తు నిండుగా ఉండి నెట్ రాకపోవడానికి మా ఇంట్లో ఎక్కువసార్లు కారణం ఇదే.

రౌటర్ వెనక సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. దాని జోలికి మాత్రం పోవద్దు. అది రీస్టార్ట్ కాదు, రీసెట్. ఒకసారి నేను తెలివిగా పిన్నీసుతో దాన్ని పది సెకన్లు నొక్కాను. లైట్లన్నీ ఒక్కసారి ఆరి వెలిగాయి, సమస్య తీరిపోయిందని సంబరపడ్డాను. తీరా చూస్తే రౌటర్‌లో ఉన్న వైఫై పేరు, పాస్‌వర్డ్‌తోపాటు ఆపరేటర్ ఇచ్చిన లాగిన్ కూడా తుడిచిపెట్టుకుపోయింది. మన దగ్గర చాలా కనెక్షన్లు రౌటర్‌లో దాచిన ఒక యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తోనే నెట్‌కి కలుస్తాయి. అవి నా దగ్గర లేవు. కేబుల్ అబ్బాయి మర్నాడు సాయంత్రం వచ్చి, పిన్నీసు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, రెండు నిమిషాల్లో ఎక్కించి వెళ్లాడు.

ఇక్కడి నుంచి అన్నీ ఫోన్‌లో వైఫై వస్తూ ట్యాబ్‌లో రానప్పటి సంగతులు. "రావట్లేదు" అనే ఒక్క మాట కింద నాలుగు రకాల జబ్బులుంటాయి. మీది ఏదో తేల్చుకుని ఆ భాగం మాత్రం చదివితే చాలు. ఏం చేసినా ఒకసారికి ఒక్క మార్పే చేసి చూడండి. నాలుగూ ఒకేసారి మారిస్తే, బాగుపడినా ఏది పని చేసిందో తెలియదు, పాడైనా ఏది పాడుచేసిందో తెలియదు.

వైఫై పేరే కనబడట్లేదు

ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్‌లో లేదు కదా చూడండి. ట్యాబ్ పిల్లల చేతుల్లో తిరిగేదైతే ఇది ముందుగా చూడాల్సిన విషయం.

తరవాత అనుమానం బ్యాండ్ మీద. ఇప్పటి రౌటర్లు రెండు బ్యాండ్లలో సిగ్నల్ ఇస్తాయి, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిది నెమ్మదైనా గోడలు దాటుకుని దూరం పోతుంది. రెండోది వేగంగా ఉంటుంది గానీ రెండు గోడలకే నీరసపడుతుంది. తక్కువ ధర ట్యాబ్‌లలో కొన్నింటికి 5 గిగాహెర్ట్జ్ అసలు వినబడదు. ఇంట్లో వైఫై పేరు చివర "5జీ" అని ఉన్నది ఫోన్‌లో కనబడుతూ ట్యాబ్‌లో కనబడకపోతే కారణం ఇదే. ఆ 5జీకీ సిమ్ 5జీకీ ఏ సంబంధమూ లేదు, అది బ్యాండ్ పేరు. "5జీ" అని లేని పేరుకి ట్యాబ్‌ని కలపండి. రౌటర్‌లో 2.4ని ఎవరైనా ఆపేసి ఉంటే మళ్లీ ఆన్ చేయాలి.

ఇంకొకటి, అమెరికా నుంచి అన్నయ్యో బావగారో తెచ్చిన ట్యాబ్‌ల సంగతి. ఒక్కో బ్యాండ్‌ని ఛానెళ్లు అనే చిన్న దారులుగా విడగొడతారు. 2.4 బ్యాండ్‌లో మన దేశంలో 13 ఛానెళ్లున్నాయి, అమెరికాలో మామూలుగా వాడేది 11. అక్కడి కోసం తయారైన పరికరాల్లో కొన్ని 12, 13 ఛానెళ్ల వైపు చూడనే చూడవు. మీ రౌటర్ తనంతట తాను 13వ ఛానెల్‌కి వెళ్లి కూర్చుంటే ఇంట్లో అందరికీ వైఫై ఉంటుంది, ఆ ట్యాబ్‌కి తప్ప. నిన్న వచ్చి ఇవాళ మాయమై రేపు మళ్లీ వచ్చే వైఫైకి ఇదొక కారణం. రౌటర్‌లో ఛానెల్‌ని 1, 6, 11లో ఏదో ఒకదానికి స్థిరంగా పెట్టేయండి. ఎలా పెట్టాలో కింద చెప్తాను.

పేరు కనబడుతోంది, కలవట్లేదు

పాస్‌వర్డ్ టైప్ చేసేటప్పుడు పక్కనున్న కన్ను గుర్తు నొక్కి, ఏం పడుతోందో చూస్తూ కొట్టండి. ట్యాబ్ కీబోర్డ్ మొదటి అక్షరాన్ని తనే పెద్దది చేస్తుంది, ఒక్కోసారి చివర ఖాళీ వదులుతుంది. సున్నాకీ ఓ అక్షరానికీ తేడా తెలియకపోవడం మామూలే. తెలుగు కీబోర్డ్ వాడేవాళ్లు ఇంగ్లిష్‌కి మార్చుకున్నారో లేదో కూడా చూసుకోవాలి. ఈ బాధంతా ఎందుకనుకుంటే, ఫోన్‌లో ఆ వైఫై పేరు పక్కన షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి ఈ సౌకర్యం ఉంది. ట్యాబ్ కెమెరాతో దాన్ని స్కాన్ చేస్తే సరి.

రౌటర్ పాస్‌వర్డ్ ఈమధ్య మార్చి ఉంటే ట్యాబ్ పాతదాన్నే పట్టుకుని వేలాడుతూ ఉంటుంది. ఆ వైఫై పేరు మీద నొక్కి 'ఫర్గెట్' కొట్టి, కొత్తగా కలపండి.

పాస్‌వర్డ్ కచ్చితంగా సరైనదే, అయినా లోపలికి రానివ్వట్లేదంటే మూడు కారణాలు చూడాలి. పాత ట్యాబ్, కొత్త రౌటర్ అయితే భద్రత పద్ధతి కుదరకపోవచ్చు. రౌటర్‌లో డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే పాత ట్యాబ్‌లకి ఆ భాష రాదు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండూ కలిసిన ఎంపిక ఉంటుంది, అది పెట్టండి. పేరు ఒకటే, పాస్‌వర్డ్ ఒకటే, రౌటర్ మాత్రం మార్చాక ట్యాబ్ ఒక్కటే మొరాయిస్తే మొదటి అనుమానం దీని మీదే.

రెండోది హాస్టళ్లలో, ఆఫీసుల్లో ఎక్కువ. అక్కడ పరికరం మ్యాక్ అడ్రస్, అంటే దాని వైఫై చిప్‌కి ఉండే గుర్తింపు నంబరు, రాసుకుని, జాబితాలో ఉన్నవాటినే రానిస్తారు. కానీ ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 14 నుంచి, ట్యాబ్‌లు మన గోప్యత కోసం ఒక్కో వైఫైకి ఒక్కో మారుపేరు లాంటి అడ్రస్ చెప్తాయి. గేటు దగ్గర వేరే పేరు చెప్పిన చుట్టంలా బయటే ఆగిపోతాయి. ఆ వైఫై పేరు వివరాల్లోకి వెళ్లి ప్రైవసీ దగ్గర 'డివైస్ మ్యాక్' ఎంచుకోండి. ఐప్యాడ్‌లో 'ప్రైవేట్ వైఫై అడ్రస్' ఆపేయండి. ఇంట్లో అయితే ఇది అలాగే ఉండనివ్వడం మంచిది.

మూడోది 'ఐపీ అడ్రస్ తీసుకుంటోంది' అని చూపిస్తూ అక్కడే ఆగిపోవడం. ఇంట్లోకి వచ్చిన ప్రతి పరికరానికీ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది, సినిమా హాల్లో సీటు నంబరులాగా. పండక్కి చుట్టాలంతా వచ్చి పాతిక ఫోన్లు ఎక్కితే కొన్ని రౌటర్లు చేతులెత్తేస్తాయి. రౌటర్‌ని రీస్టార్ట్ చేస్తే సీట్లన్నీ ఖాళీ అయి మళ్లీ పంచుతుంది. ఐప్యాడ్‌లో వైఫై వివరాలు చూస్తే ఐపీ అడ్రస్ 169.254తో మొదలైందంటే, రౌటర్ నంబరు ఇవ్వక అది తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం.

కలిసింది, కానీ నెట్ లేదు

మొదట ట్యాబ్‌లో తేదీ చూడండి. బీరువాలో ఆరు నెలలు పడి ఉండి, బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయిన ట్యాబ్‌ని చార్జ్ పెట్టి తీస్తే దాని గడియారం ఏ పాత సంవత్సరంలోనో ఉండొచ్చు. సైట్లు తమ గుర్తింపు కోసం చూపించే సర్టిఫికెట్లకి గడువు తేదీలుంటాయి. ట్యాబ్ దృష్టిలో ఆ తేదీలు పొంతన కుదరక ఒక్క సైటూ తెరుచుకోదు. తేదీ, సమయం ఆటోమేటిక్ అని పెట్టండి. నెట్ లేక అది కూడా సరిదిద్దుకోలేకపోతే చేత్తో పెట్టండి.

బాగా పాత ట్యాబ్ అయితే, అంటే ఆండ్రాయిడ్ 7.1.1 కంటే ముందుదైతే, తేదీ సరిగ్గా ఉన్నా కొన్ని సైట్లు 'సురక్షితం కాదు' అని అడ్డుపడతాయి. కోట్ల సైట్లు లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు వాడుతున్నాయి. దాని మూల సర్టిఫికెట్ ఆ పాత ఆండ్రాయిడ్ల జాబితాలో లేదు. ఇందులో మీ వైఫై తప్పేమీ లేదు. ఫైర్‌ఫాక్స్ తన జాబితా తనే తెచ్చుకుంటుంది కాబట్టి, ఆ ట్యాబ్‌లో అది ఎక్కితే అందులో తెరిచి చూడండి.

తరవాత వీపీఎన్, అంటే మన నెట్‌ని వేరే సర్వర్ గుండా తిప్పే యాప్, ఉందా చూసి ఆపండి. దాని పక్కనే 'ప్రైవేట్ డీఎన్ఎస్' అని ఒకటుంటుంది, ఆండ్రాయిడ్ 9 నుంచి వచ్చింది. మనం కొట్టిన సైట్ పేరుకి అడ్రస్ వెతికిపెట్టే సర్వర్‌ని అక్కడ ఎంచుకుంటాం. ప్రకటనలు రాకుండా చేస్తుందని ఎవరో చెబితే అందులో ఏదో పేరు ఎక్కించి మర్చిపోతాం. ఆ సర్వర్ పలకని రోజు వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, ఒక్క పేజీ తెరుచుకోదు. దాన్ని 'ఆటోమేటిక్'కి మార్చండి. మా అక్క కొడుకు ట్యాబ్ మూడు రోజులు ఇలాగే మొండికేసింది. వాడు గేమ్‌లో ప్రకటనలు పోతాయని పెట్టుకున్నాడట. క్లాసులు పోయాయి, ప్రకటనలు మాత్రం నిజంగానే రాలేదు.

రైల్వే స్టేషన్లలో ఉండే రైల్‌వైర్ లాంటి వైఫైకి కలిసిన తరవాత ఒక పేజీ తెరుచుకోవాలి, అందులో మొబైల్ నంబరు ఇస్తే ఓటీపీ వస్తుంది. ట్యాబ్‌లో సిమ్ లేకపోయినా ఫరవాలేదు, ఫోన్‌కి వచ్చిన ఓటీపీని ట్యాబ్‌లో కొట్టొచ్చు. ఆ పేజీయే రాకపోతే బ్రౌజర్‌లో నెవర్‌ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ (neverssl.com) తెరవండి. తాళం గుర్తు లేని సాదా సైట్ అది. స్టేషన్ వైఫై దాన్ని అడ్డగించి తన లాగిన్ పేజీ చూపిస్తుంది. తాళం ఉన్న సైట్లని అలా మళ్లించడం కుదరదు, అందుకే గూగుల్ ఎంతసేపు కొట్టినా ఆ పేజీ రాదు.

వస్తుంది, పోతుంది, నత్తలా నడుస్తుంది

ఎక్కువమంది బాధ ఇదే. దీనికి మందు సెట్టింగ్స్‌లో కంటే ఇంట్లోనే ఉంటుంది.

అమ్మ ట్యాబ్ రోజూ సాయంత్రం ఆగిపోతోందంటే ఒక ఆదివారం దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాను. రౌటర్ హాల్లో టీవీ వెనక ఉంది. హాల్లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. నడవలో ఒకటి తగ్గింది. అమ్మ గదిలో గుమ్మం దగ్గర రెండు, మంచం మీద అమ్మ కూర్చునే చోట ఒకటి, అది కూడా ఉండీ ఉండనట్టు. గుమ్మానికీ మంచానికీ మధ్య నాలుగడుగులే. కానీ ఆ నాలుగడుగుల్లో ఏముందంటే నాయనమ్మ కాలపు ఇనప బీరువా. రౌటర్ నుంచి మంచానికి గీత గీస్తే సరిగ్గా టీవీ, గోడ, బీరువా మూడింటి గుండా పోతోంది. ఇనుము రేడియో తరంగాలని వెనక్కి కొట్టేస్తుంది. బీరువాని కదిలించే దమ్ము మా ఇంట్లో ఎవరికీ లేదు. అందుకని రౌటర్‌ని టీవీ వెనక నుంచి తీసి, గుమ్మం పక్కన తలెత్తు అలమరలో పెట్టాం. మంచం మీద ఒక గీత మూడయింది. ఒక్క రూపాయి ఖర్చు లేదు, మూడు మీటర్ల కేబుల్ మాత్రం గోడ వెంట మేకులు కొట్టాల్సి వచ్చింది.

మీరూ అలాగే ట్యాబ్ చేతిలో పట్టుకుని తిరిగి చూడండి. ఫ్రిజ్, పెద్ద అద్దం, నీళ్ల ట్యాంకు, చేపల తొట్టి, స్లాబు, ఇవన్నీ దారిలో అడ్డే. కింది అంతస్తులో రౌటర్ పెట్టి మేడ మీద సిగ్నల్ రావట్లేదంటే స్లాబులో ఉన్న ఇనప చువ్వల వలని గుర్తు తెచ్చుకోండి.

కొన్ని అడ్డాలు కంటికి కనబడవు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పని చేస్తుంది, అది తిరుగుతున్నంతసేపు పక్కనున్న ట్యాబ్ తడబడుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లదీ అదే బ్యాండ్. చెవిలో ఇయర్‌ఫోన్లు పెడితేనే వీడియో ఆగుతోందంటే ట్యాబ్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి చూడండి.

అపార్ట్‌మెంట్‌లో అయితే ఇరుగుపొరుగు వైఫైలే పెద్ద గొడవ. ట్యాబ్‌లో కనబడే వైఫై పేర్లు లెక్కపెట్టండి. ఇరవై పాతిక ఉంటే మీ రౌటర్ సంత మధ్యలో నిలబడి మాట్లాడుతోందన్నమాట. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఒక అడ్రస్ ఉంటుంది, 192.168.1.1 లాంటిది. దాన్ని బ్రౌజర్‌లో కొట్టి, అదే స్టిక్కర్ మీదున్న యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లండి. వైర్‌లెస్ భాగంలో 2.4 బ్యాండ్ ఛానెల్ 'ఆటో' అని ఉంటే 1, 6, 11 ఒక్కోటీ ఒక్కో రోజు పెట్టి చూడండి. ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి ఆ మూడే. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి. లోపల ఇంకేదీ ముట్టుకోవద్దు. ముట్టుకునే ముందు ఆ పేజీని, రౌటర్ స్టిక్కర్‌ని ఫొటో తీసి పెట్టుకోండి.

స్క్రీన్ ఆపగానే వైఫై పోతోందంటే బ్యాటరీ సేవర్‌ని అనుమానించండి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా పోతోందంటే అది రౌటర్ మళ్లీ లేచే సమయం. రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, కొనే ముందు మీ అడాప్టర్ మీద 12 వోల్టులా 9 వోల్టులా చూసుకోండి.

ఏం చేసినా రాకపోతే

హాట్‌స్పాట్‌తో కూడా కలవట్లేదు, పైవన్నీ చూశారు. అప్పుడు నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేయండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, రీసెట్ ఆప్షన్స్‌లో ఉంటుంది. సామ్‌సంగ్‌లో జనరల్ మేనేజ్‌మెంట్ కింద, ఐప్యాడ్‌లో జనరల్ కింద చివర్లో 'ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్'లో చూడండి. ఫొటోలు, ఫైళ్లు పోవు. దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ, ఆండ్రాయిడ్‌లో అయితే బ్లూటూత్ జతలు కూడా పోతాయి. ఫ్యాక్టరీ రీసెట్ అని ఉన్నది మాత్రం వేరు, అది ట్యాబ్ మొత్తాన్ని తుడిచేస్తుంది. రెండింటి పేర్లూ పక్కపక్కనే ఉంటాయి, కళ్లజోడు పెట్టుకుని నొక్కండి.

రౌటర్ పక్కన పెడితే సిగ్నల్ నిండుగా ఉండి, నాలుగడుగులు వేయగానే ఏ గదిలోనైనా మాయమవుతోందా? అది యాంటెన్నా లక్షణం. కింద పడ్డాకో, డిస్‌ప్లే మార్పించాకో ఇది మొదలైతే, లోపల యాంటెన్నా తీగ తన చోటు నుంచి ఊడి ఉండొచ్చు. ఆ ముక్కే సర్వీస్ సెంటర్‌లో చెప్పండి, "వైఫై రావట్లేదు" అని మాత్రం చెప్తే బోర్డు మార్చాలంటారు.

వైఫై చిప్పే పోయిన పాత ట్యాబ్‌కి బాగుచేయించే ఖర్చు దండగ అనిపిస్తే ఇంకో దారి ఉంది. చాలా ట్యాబ్‌లు యూఎస్‌బీ నుంచి లాన్‌కి మార్చే చిన్న అడాప్టర్‌ని గుర్తుపడతాయి. రౌటర్ నుంచి లాన్ కేబుల్ లాగి దానికి గుచ్చితే వైఫై లేకుండానే నెట్ వస్తుంది. కొనేముందు ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకుని మీ ట్యాబ్‌కి పని చేస్తుందో లేదో చూడండి. అమ్మ పాత ట్యాబ్ ఇప్పుడు వంటింటి గట్టు మీద పోపుల పెట్టె పక్కన అలాగే ఉంది, పసుపు రంగు కేబుల్‌తో, పలుపుతాడు కట్టిన గేదెలాగా. ఎటూ కదలదు. సీరియల్ కూడా ఆగదు.